పాత ఆట, ఆడువారి వాదములు

ఆటలను గూర్చి పెద్దలు మాటలాడునపుడు సాధారణముగా రెండు మార్గములలో నొకదానిని త్రొక్కుచుందురు. ఆటలవలన బిడ్డలు చెడిపోవుదురని కొందరందురు. ఆటలలోనే సమస్త విద్యయు గలదని మరికొందరందురు. గత సంవత్సరము నేను మొదటి మార్గమును త్రొక్కి ఒక బాలునియెడల తప్పు చేసితిని. ఆ తప్పును దిద్దుకొనుచు నేర్చుకొన్న సంగతులను విద్యార్థుల యెదుటను, వారి తల్లిదండ్రుల యెదుటను ఉంచుట నా విధియని తలంచి యీ వ్యాసమును వ్రాయుచున్నాను.

పదవ తరగతి బాలుని తండ్రి యొకనాటి సాయంకాలము నాయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, మావాడు రాత్రి పదకొండు గంటలవరకు కంప్యూటరు ముందు కూర్చుండి రాజ్యములు గెలుచుచున్నాడు. గణితములో మాత్రము ఓడిపోవుచున్నాడు. ఏమి చేయుదును?" అని యడిగెను. అది యేయాటయో, ఎట్లాడుదురో నేను విచారింపలేదు. "ఆ యంత్రమును ఇంటినుండి తీసివేయుడు" అని వెంటనే చెప్పితిని. ఆయన అట్లే చేసెను. రెండు మాసములు గడచినను ఆ బాలునికి గణితములో మార్కులు పెరుగలేదు. అంతేకాక, నా చరిత్ర తరగతిలో అందరికంటె ఎక్కువగా ప్రశ్నించెడివాడు నోరు మెదపుట మానెను. వాని మౌనము నన్ను మిక్కిలి బాధించినది. తుదకు తండ్రిగారిని బతిమాలి యంత్రమును మరల తెప్పించి, ఒక శనివారమున వారి యింటికి పోయి, "నాయనా, ఆ యాట నాకును నేర్పుము" అంటిని.

ఆ యాట పేరు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ రెండవ భాగము. అమెరికా దేశములోని ఎన్సెంబుల్ స్టూడియోస్ అనువారు దానిని నిర్మింపగా, మైక్రోసాఫ్టు కంపెనీవారు 1999లో ప్రకటించిరి. సాధారణముగా ఆటగానికి మొదట లభించునవి నడిబొడ్డున నొక ఊరిచావడి, ముగ్గురు పనివారు, దారి వెదకుటకొక రౌతు. పనివారు ఆహారము, కలప, బంగారము, రాయి అను నాలుగింటిని సమకూర్పవలెను. ఊరు పెరిగినకొలది తమోయుగమునుండి సామంతయుగమునకును, అందుండి కోటల యుగమునకును, తుదకు సామ్రాజ్యయుగమునకును పోవచ్చును. ఈటెవాండ్రు రౌతులను గెలుతురు. రౌతులు విలుకాండ్రను గెలుతురు. విలుకాండ్రు సాధారణ పదాతులను దూరమునుండియే కూల్తురు. కావున అన్నిటిని గెలువగల సైన్యమొకటి లేదు. ఎదుటివాడు ఏమి సిద్ధపరచుచున్నాడో ముందుగా కనిపెట్టుటయే ఈ ఆటలోని నేర్పు. ఎనమండుగురి వరకు, ఎవరి దేశమున వారు కూర్చుండి, కలసి ఆడవచ్చును.

ఆనాడు నాకు ప్రత్యర్థి విశాఖపట్టణమున ఇంజనీరింగు చదువుచున్న వాని పెదతండ్రి కుమారుడు. అరగంటలో నా యూరు తగులబడినది. నాకు కోపము వచ్చి యంత్రమును ఆపివేయబోతిని. అప్పుడు బాలుడు నా చేయి పట్టుకొని, "మాస్టరుగారూ, అట్లు పోరాదండి. అన్నయ్య అరగంటసేపు మనతో ఆడినాడు. ఓడితిమని ఒప్పుకొని, మంచి ఆట అని వ్రాసి పోవలెను" అనెను. ఇరువది సంవత్సరములుగా బడిలో బుద్ధులు చెప్పుచున్న నేను ఆ బుద్ధిని నా శిష్యునివలన నేర్చుకొంటిని.

తరువాత వాడు జరిగిన యాటనంతయు మొదటినుండి మరల త్రిప్పి చూపెను. ఈ యాటలో ప్రతి పోరాటమును భద్రపరచుకొని పిమ్మట చూచుకొను వసతి గలదు. ఒక పనివానిని పుట్టించుటకు ఏబది పాళ్ల ఆహారమును, ఇరువదియైదు సెకనుల కాలమును పట్టును. నేను ఆహారమును పుష్కలముగా నిలువచేసికొని, రౌతును త్రిప్పు సంతోషములో, ఊరిచావడిని నాలుగు నిమిషములు ఊరక యుంచితిని. అనగా తొమ్మిదిమంది పనివారు పుట్టకపోయిరి. నేను ఓడినది శత్రువు వచ్చిన ఇరువదియైదవ నిమిషమున గాదు, ఎవరును రాని ఆరవ నిమిషమున. శిక్షణ కళాశాలలో మా గురువులు చెప్పిన మొదటి పాఠము నాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది. బాలుని తప్పును ఎఱ్ఱసిరాతో కొట్టివేయుట చాలదు, లెక్క ఏ పంక్తిలో దారితప్పినదో వానికే కనబడునట్లు చేయవలెను.

ఇంత పాత ఆట ఇంకను ఎట్లు జీవించియున్నదని నేను విచారించితిని. దానిని నిర్మించిన సంస్థ 2009లో మూతపడినది. అంతకు ముందే, 2006లో, ఆటగాండ్రను ఇంటర్నెట్టులో కలుపుచుండిన మైక్రోసాఫ్టువారి కూటస్థలమును మూసివేసిరి. ఇక ఆట చచ్చినదనియే యెవరైనను అనుకొందురు. కాని ఆడువారు చెదరిపోక, వూబ్లీ వంటి ఇతర కూటములలో చేరి ఆడుచునేయుండిరి. కొందరు అభిమానులు కూలి యాశింపక కొత్త జాతులను చేర్చి, 2012లో ఫర్‌గాటెన్ ఎంపైర్స్ అను పేర నొక అనుబంధమును వెలువరించిరి. మరుసటి సంవత్సరము మైక్రోసాఫ్టువారే దానిని అంగీకరించి, అధికారపూర్వకముగా ప్రకటించిరి. 2019లో ఆట మొత్తము పునరుద్ధరింపబడి డెఫినిటివ్ ఎడిషన్ అను పేర వెలువడినది. విడిచిన యింటిని బాడుగవారు బాగుచేసి నిలిపినట్లున్నదీ కథ.

ప్రేమించువారే యెక్కువగా వాదించుకొందురు. ఈ ఆటగాండ్రలోను తెగని వాదములు కలవు. వానిలో మూడింటిని గూర్చి నా యభిప్రాయము చెప్పెదను.

మొదటిది సౌకర్యమును గూర్చినది. 1999 నాటి ఆటలో పొలము సారము ఉడిగినప్పుడెల్ల ఆటగాడు తానే చూచుకొని మరల విత్తించవలసియుండెను. 2000లో వచ్చిన అనుబంధములో ముందుగా కలప చెల్లించి మరలి విత్తుటకు ఏర్పాటు చేయు వీలు కలిగినది. 2019 నాటి కూర్పులో ఆ పని దానంతట అదియే జరుగును. రౌతు సైతము ఆజ్ఞయైన పిమ్మట తానే తిరిగి దేశమును చూచివచ్చును. వెయ్యి పనులను ఒక్కసారి జ్ఞాపకముంచుకొనుటయే ఈ ఆటలోని విద్య యనియు, దానిని తీసివేయుట పందెములో బరువును దింపుట వంటిదనియు పాతవారందురు. సేనాపతి యోచింపవలసినది యుద్ధమునుగాని, పొలముగట్ల నెండిన దుబ్బులను లెక్కించుట వానిపని కాదని కొత్తవారందురు. నేను కొత్తవారి పక్షమువాడను. ఎక్కములు కంఠస్థమైన పిమ్మట వానిని పలకపై మరల మరల వ్రాయించుటవలన బుద్ధి పెరుగదు. అయినను పాతవారి మాటలో నొక సత్యమున్నది. తానే తిరుగు రౌతు దేశమును పటముపై చూపునుగాని, చూచినదానిని మన మనస్సులో నాటడు. కనుకనే ఆరితేరినవారు సాధారణముగా తమ రౌతును తామే నడుపుకొందురు.

రెండవది సమానతను గూర్చినది. చదరంగమునకు ఆర్పాడ్ ఎలో అను ఆచార్యుడు కల్పించిన లెక్కనుబట్టి ఇందును ఆటగాండ్రకు అంకెలు నిర్ణయింతురు. కొత్తవాడు వేయి యంకెతో మొదలిడును. గెలిచిన పెరుగును, ఓడిన తగ్గును. సమానులు సమానులతో పోరాడుటకే ఈ యేర్పాటు. కాని కొందరు బలవంతులు కావలెనని ఓడి అంకెను తగ్గించుకొని, పసివారితో తలపడి, సులభముగా గెలిచి సంతోషింతురట. మరికొందరు తమకిష్టములేని భూమి లభించినదని చూచిన వెంటనే నిష్క్రమింతురు. చెట్లు తక్కువగానుండి నలువైపుల దారియున్న అరేబియా అను భూమి కొందరికి ప్రీతి. దట్టమైన యడవులు గోడలవలె నిలిచి, మొదట ఊరు కట్టుకొనుటకు తీరిక నిచ్చు బ్లాక్ ఫారెస్టు కొందరికి ప్రీతి. ఎవరి రుచి వారిది, దానిని నేను తప్పుపట్టను. కాని ఆడెదనని చేరి, తోటివారిని నిలువబెట్టి, చెప్పకుండ పోవుట మాట తప్పుటయే యగును. పసివానిని ఓడించుటకై బలహీనుని వేషము వేయుట అంతకంటె హీనము. ఏడవ తరగతి ప్రశ్నపత్రమునకు పదవ తరగతివాడు సమాధానములు వ్రాసి నూటికి నూరు తెచ్చుకొన్నచో మనము వానికి బహుమానమిత్తుమా?

మూడవది జాతులను గూర్చినది. మొదటి కూర్పులో పదమూడు జాతులే యుండెను. 2013లో ఇండియనులను పేర మన దేశమంతయు ఒక్క జాతిగా చేరెను. ఇంత విశాల దేశమునకు ఒక్కపేరేమని ఆటగాండ్రు చాలకాలము వాదించిన పిమ్మట, 2022లో డైనాస్టీస్ ఆఫ్ ఇండియా అను అనుబంధమున దానిని హిందూస్థానీలు, గుర్జరులు, వంగీయులు, ద్రావిడులు అని నాలుగుగా విభజించిరి. ద్రావిడులకు ప్రత్యేకమైన విద్యలలో నొకటి వూట్జ్ ఉక్కు. దానిని సాధించినచో వారి కాలిబంట్ల దెబ్బలను ఏ కవచమును ఆపజాలదు. ఈ వూట్జ్ అను మాట మన ఉక్కునుండియే పుట్టినదని పలువురి యభిప్రాయము. నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము ఒకప్పుడు ఆ ఉక్కునకు ప్రసిద్ధికెక్కిన గ్రామము. పారసీక వర్తకులు అచ్చటికి వచ్చి కొనిపోయెడివారు. ఈ సంగతి చెప్పినప్పుడు మా బాలుని కన్నులు మెరసినవి. "మాస్టరుగారూ, అయితే అది మనదేనా?" అనెను.

ద్రావిడుల భటులు తమిళము పలుకుదురు. వారి కథానాయకుడు 1025లో సముద్రముదాటి శ్రీవిజయముపై దండెత్తిన రాజేంద్ర చోళుడు. తెలుగువారికి వేరు పేరు లేదు, కాకతీయులును ఆ నామము క్రిందనే ఇమిడిపోవలెను. ఇది యన్యాయమని మనవారికి తోచుట సహజము. 2025లో చీనాదేశపు మూడు రాజ్యములను మూడు జాతులుగా చేర్చినపుడు, అవి జాతులు కావు, కొలదికాలము నిలిచిన రాజ్యములు మాత్రమే యని ఆటగాండ్రు గట్టిగా ఆక్షేపించిరి. ఇట్టి వాదములను నేను తేలికగా చూడను. అవి చరిత్రను గూర్చిన ప్రశ్నలే. కాని ఆట యిచ్చినదే చరిత్రయని నమ్మరాదు. లేనిదానిని వెదకుటకు గ్రంథాలయమున్నది. రాజేంద్రుని కుమార్తె అమ్మంగదేవి మన రాజమహేంద్రవరపు రాజరాజనరేంద్రుని పత్నియనియు, ఆ రాజే నన్నయభట్టునకు ఆశ్రయమిచ్చెననియు ఆటలో గెలుచుటకు అవసరము లేదు. తెలిసికొనుటకు మాత్రము అవసరము.

తల్లిదండ్రులకు నా మనవి యొకటి. ఈ యాట యొక్కటి ముగియుటకు అరగంట మొదలు గంటవరకు పట్టును. ఇతరులతో ఆడునపుడు వారి సమ్మతిలేక మన యిష్టము వచ్చినంతసేపు నిలుపరాదు. నడుమ భోజనమునకు లేపినచో తోడివారి యాటయు చెడును, బిడ్డ మనస్సును చెడును. కావున పిలుపు నడుమ గాక, ఒడంబడిక మొదటనే యుండవలెను. చదువు ముగిసిన పిమ్మట ఒక్క ఆట, తొమ్మిదిగంటల తరువాత మొదలుపెట్టరాదు అని ముందే నిర్ణయింపుడు. ఒకమారు ప్రక్కన కూర్చుండి చూడుడు. చూడకయే నిషేధించిన నావలె పొరపాటు పడకుడు.

విద్యార్థులారా, మీకును ఒక మాట. "ఇంకొక్క ఆట" అను మాటయే ఈ యాటలోని నిజమైన శత్రువు. దానికి మీ తండ్రి నిద్రయు, మీ రేపటి పాఠమును బలియగును. గెలిచినపుడు ఎదుటివానిని ఎగతాళి చేయకుడు. ఈ ఆటలో పదునొకండు అను అంకె కొట్టినచో పెద్దనవ్వు వినబడును. ఓడినవాని మీద ఆ నవ్వును విసరుట కంటె, "మంచి ఆట" అని వ్రాయుట గెలుపునకు శోభ. ఓడినపుడు యంత్రమును నిందింపక, ఆటను త్రిప్పి చూచి, ఏ నిమిషమున చేతులు కట్టుకొని కూర్చుంటిరో కనిపెట్టుడు.

ఆ బాలుడు గణితములో మొదటివాడు కాలేదు. అట్లని వ్రాసినచో అబద్ధమగును. కాని అర్ధసంవత్సర పరీక్షాపత్రము లిచ్చిననాడు మార్కులు చూచి మడిచి జేబులో పెట్టుకొనక, గణితోపాధ్యాయునియొద్దకు పోయి, "అయ్యా, నా లెక్క ఏ పంక్తిలో తప్పినదో చూపండి" అని యడిగెనట. ఆ ప్రశ్న వానికి తరగతిలో మేము నేర్పినదో, ఆటలో వాడు నేర్చుకొన్నదో నేను చెప్పజాలను. చరిత్ర తరగతిలో మాత్రము వాని చేయి మరల పైకి లేచుచున్నది.