శ్రీశైలం దారిలో సైకిళ్లకూ చోటివ్వండి

రోడ్ల బాధ్యత చూసే అధికారి గారికి,

ఈ వానాకాలం నేనూ మా ఆవిడా హైదరాబాద్ నుంచి శ్రీశైలం దాకా సైకిళ్ల మీద వెళ్లాం. డిండి దాటేదాకా తుంపరే. మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమలలోకి వెళ్లామో లేదో కుండపోత మొదలైంది. తడవడానికి సిద్ధపడే బయల్దేరాం, వాన మీద ఫిర్యాదు లేదు.

ఘాట్ దిగేటప్పుడు తడిసిన రిమ్ముల మీద బ్రేకు రబ్బర్లు వెంటనే పట్టవు. చక్రం కొన్ని చుట్లు తిరిగి నీళ్లు తుడుచుకుపోయాకే పట్టు దొరుకుతుంది. రోడ్డంచు తెల్లగీత మీద టైరు సర్రున జారుతుంది. గీతకు అవతల ఎర్రనీళ్లు నిలిచి, గుంతేదో నేలేదో తెలియదు. ఒక మలుపులో మా ఆవిడ సైకిలు ముందుచక్రం అలాంటి గుంతలోనే దిగబడింది. వెనకొస్తున్న బస్సు డ్రైవరు చూసి ఆపాడు కాబట్టి సరిపోయింది. ఆయనకు చేతులెత్తి మొక్కుతున్నాను.

అది అమ్రాబాద్ పులుల అడవి. రోడ్డు వెడల్పు చేయమని అడగం. రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలు ఆపడమూ న్యాయమే. మలుపుల్లో అంచు గుంతలు పూడ్పించండి, పక్క కాలువల్లో పూడిక తీయించండి. అడవి మొదలయ్యేలోపే, మన్ననూరులో, వాన తగ్గేదాకా నిలబడేందుకు ఒక రేకుల షెడ్డు వేయించండి. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కు 2023లో సోలార్ పలకల కప్పే వేశారు కదా!

ఆ అడవిలోని చెంచు పెంటల (గూడేల) వాళ్లూ ఆ రోడ్డంచు మీదే నడుస్తారు. వచ్చే తొలకరిలోపు ఈ పనులు చేయించాలని మా విన్నపం.

ఇట్లు,
సైకిల్ మీద వచ్చిన దంపతులు