దశాంశ బిందువు ఎక్కడికి పోయింది?

"ఈ రోజుల్లో కూడా ఫాక్సేమిటండీ?" అని నవ్వేవాళ్ళున్నారు. అమెరికాలో చాలా డాక్టరు ఆఫీసుల నుంచి "పాత రికార్డులు ఫాక్స్ చెయ్యండి" అన్న మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది.

అమ్మ ఇక్కడికి వచ్చినప్పుడు ఆవిడ మందుల చీటీ స్కాన్ చేసి, ఒక ఫాక్స్ ప్రోగ్రాములో పడేసి, బటన్ నొక్కాను. "విజయవంతంగా చేరింది" అని రసీదు కూడా వచ్చింది. మర్నాడు నర్సు ఫోను: "ఇది 2.5 మిల్లీగ్రాములా, 25 మిల్లీగ్రాములా?" అది రక్తం గడ్డ కట్టకుండా వేసుకునే మందు. ఆవిడ అడగబట్టి సరిపోయింది.

సంగతేమిటంటే, 1980 నాటి గ్రూప్ 3 ప్రమాణంలో బూడిద రంగు లేదు. అడ్డంగా 1728 చుక్కలు, ప్రతిదీ నలుపో తెలుపో. నిలువున మామూలు పద్ధతిలో అంగుళానికి సుమారు 98 గీతలు, ఫైన్ పద్ధతిలో 196. చిన్న దశాంశ బిందువు మామూలు పద్ధతిలో ఒకటి రెండు గీతల్లో అయిపోతుంది.

రెండోసారి నెట్‌పీబీఎమ్ కమాండ్లతో కూర్చున్నాను. ఇందులో పనులన్నీ విడివిడిగా ఉంటాయి: బిట్‌మ్యాప్ వెడల్పు 1728కి తేవడం, నలుపు తెలుపుగా మార్చడం, చివర పీబీఎమ్‌టూజీ3తో ఫాక్స్ ఫైలు చెయ్యడం.

కీలకం మధ్య మెట్టు. మనమేమీ చెప్పకపోతే అది డిథరింగ్ చేస్తుంది, అంటే బూడిద రంగు భ్రమ కోసం చుక్కలు చల్లుతుంది. ఫొటోలకి బాగానే ఉంటుంది. కానీ ఫాక్స్ సంకేతాలు ఒకే రంగు చుక్కలు వరసగా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాసేవి. పూర్తిగా తెల్లటి గీత 17 బిట్లలో ఇమిడిపోతుంది. ఒక నలుపు, ఒక తెలుపుగా మారుతూ పోయే గీతకి జంటకి 9 బిట్ల చొప్పున 7776 బిట్లు, అంటే అసలు కంటే నాలుగున్నర రెట్లు! పైగా చల్లిన చుక్కల మధ్య దశాంశ బిందువేదో ఎవరు చెప్పగలరు?

అందుకని డిథరింగ్ మానేసి, ఫలానా వెలుగు కంటే తక్కువుంటే నలుపు అని హద్దు పెట్టాను. 0.5 దగ్గర వెలిసిన సిరా చుక్క మాయమైంది. 0.7కి పెంచితే తిరిగొచ్చింది. ఇంకా పెంచితే కాగితం నీడ కూడా నల్లబడింది. 0.7 దగ్గరే ఆపి, అంకెలు కళ్ళారా చదువుకుని, ఫైన్ పద్ధతిలో పంపాను.

"అందరూ కమాండ్లు టైపు చేస్తూ కూర్చోవాలా?" అంటారు. అక్కర్లేదు. కానీ సమాచారాన్ని పారేసే ప్రోగ్రాము ఏం పారేస్తోందో పంపేముందు చూపించాలి, హద్దు మార్చుకోనివ్వాలి. ఇలాంటివి రాసే మన వృత్తివాళ్ళం సౌకర్యం పేరుతో ఆ నిర్ణయాన్ని బటన్ వెనక దాచేస్తున్నాం. రసీదు లెక్కపెట్టేది పేజీలనే, అంకెల్ని కాదు.

మీరు ఏ ప్రోగ్రాము వాడినా సరే, ఆ నలుపు తెలుపు పేజీని ఒకసారి తెరిచి చదవండి. అవతలివాళ్ళకి అందేది అదే.