మెంటర్‌కి ఫీజు కట్టే ముందు పెర్కిన్ కథ చదవండి

"మెంటర్ లేకపోతే సివిల్స్ కాదు" అని మీకూ ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మెంటర్ వద్దని నేను అనను. మెంటర్ పేరుతో మనకు అమ్ముతున్న సరుకుతోనే నా పేచీ.

1856, లండన్. విలియం పెర్కిన్‌కు 18 ఏళ్లు. రాయల్ కాలేజ్ ఆఫ్ కెమిస్ట్రీలో హాఫ్‌మన్ శిష్యుడు. బొగ్గు తారు పదార్థాల నుంచి క్వినైన్ చేయవచ్చేమో అన్న ఊహ గురువుది. ఈస్టర్ సెలవుల్లో శిష్యుడు ఇంట్లోని చిన్న ల్యాబ్‌లో దాని పని పట్టాడు. ముందు అల్లైల్ టొలుయిడిన్‌తో చేస్తే ఎర్రటి మడ్డి మిగిలింది. క్వినైన్ రాలేదు, వచ్చేదీ కాదు. ఫార్ములాలో పరమాణువుల లెక్క కుదిరింది గానీ, వాటి అమరిక అప్పటికి ఎవరికీ తెలియదు. మనమైతే అక్కడే గిన్నె కడిగేసేవాళ్లం. అతను ఇంకా సరళమైన అనిలిన్ తీసుకుని అదే చర్య మళ్లీ చేశాడు. ఈసారి నల్లటి మడ్డి. దాన్ని ఆల్కహాల్‌లో వేస్తే ఊదా రంగు దిగింది. పట్టుగుడ్డకు పట్టుకుంది, ఉతికినా పోలేదు. అదే మావీన్.

మన నోట్సుల్లో ఇది "యాదృచ్ఛిక ఆవిష్కరణ" అని ఒక్క ముక్కలో తేలిపోతుంది. రంగు యాదృచ్ఛికమే. రెండోసారి ఎందుకు చేయాలో తెలియడం మాత్రం యాదృచ్ఛికం కాదు, అది హాఫ్‌మన్ దగ్గర అబ్బిన అలవాటు. అంతకుముందు ఆయన ఇచ్చిన ఆంత్రసీన్ సమస్య కూడా పెర్కిన్‌కు తేలలేదు. అయినా కుర్రాడు చెడిపోలేదు.

ఆ గురువే, రంగు తయారీకి కాలేజీ మానేస్తానంటే వద్దన్నాడు. పెర్కిన్ విన్నాడు, మానేశాడు, ఆగస్టులో పేటెంట్ తీసుకున్నాడు. నాన్న దాచుకున్న డబ్బు ఫ్యాక్టరీలో పెట్టాడు. "అతనికి నాన్న ఉన్నాడు కదా" అంటారా? మన రూమ్ అద్దె ఎవరు కడుతున్నారు మరి?

నేనూ ఒక ఏడాది మెంటర్‌షిప్‌కి కట్టాను. వారానికో కాల్. ఎన్ని గంటలు చదివావు, ఎన్ని పేజీలయ్యాయి, అంతే. నాకు జవాబు తెలియని ప్రశ్న ఒక్కటీ ఆయన అడగలేదు. ఆప్షనల్ కూడా ఆయనే తేల్చేశారు, నేను తలూపాను. ఆ తప్పు నాది.

వచ్చే కాల్‌లో మీరు షెడ్యూల్ అడక్కండి. బాగా మార్కులు పోయిన మీ జవాబు ఒకటి ముందు పెట్టి, "నా ఆలోచన ఎక్కడ తప్పింది సార్?" అని అడగండి. అటునుంచి మళ్లీ షెడ్యూలే వస్తే, తర్వాతి ఇన్‌స్టాల్‌మెంట్ ఆపేయండి.