మరబండి కంటికి మీమాంసకుల మాట

తెలుగు పండితుడికి కెమెరాల గొడవ ఎందుకని మీరడగవచ్చు. మా చెల్లెలి మనవడూ, వాడి సహాధ్యాయులూ కలిసి జీడిమామిడి తోటల్లో తిరిగే రోబో బండి ఒకటి కట్టారు. సాయంత్రం మా వసారాలో అది బుద్ధిగా కుర్చీలను తప్పించుకు తిరిగింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం నక్కపల్లి దగ్గరి తోటలోకి దింపితే, నూరడుగులైనా పోకుండా గట్టు పక్క గోతిలో తలక్రిందులుగా పడింది. "ముందు దారి ఖాళీ అనే చూపించింది తాతయ్యా" అన్నాడు వాడు. దోషమంతా ఆ వాక్యంలోనే ఉంది.

డెప్త్ కెమెరా అనబడే ఈ వస్తువు, పేరులో లోతున్నా, కొలిచేది దూరాన్ని. చిత్రంలోని ప్రతి బిందువుకూ ఒక సంఖ్య ఇస్తుంది. తేల్చుకోలేని చోట సాధారణంగా సున్న పెడుతుంది. ఆ సున్నకు "తెలియదు" అని అర్థం. మా పిల్లల ప్రోగ్రాము దాన్ని "అడ్డు లేదు" అని చదువుకొంది.

భాట్ట మీమాంసకులు అనుపలబ్ధిని ఆరవ ప్రమాణంగా అంగీకరించారు, కాని ఒక నియమం పెట్టారు. వస్తువు ఉంటే కనబడి తీరవలసిన పరిస్థితి ఉన్నప్పుడే, కనబడకపోవడం దాని అభావానికి ప్రమాణమవుతుంది. దీన్నే యోగ్యానుపలబ్ధి అన్నారు. చీకటిగదిలో కుండ కనబడలేదు కాబట్టి కుండ లేదనడం చెల్లదు. ఇంజనీరింగు చదివేవారికి ఇది ఎవరూ చెప్పినట్టు లేదు.

అయితే తప్పు ప్రోగ్రాముదే కదా, కెమెరాను ఆడిపోసుకోవడం ఎందుకని ఆ కుర్రవాళ్లే వాదించారు. సరే, సున్నలన్నిటినీ "తెలియదు" అనే చదవండి. అప్పుడు మధ్యాహ్నం చిత్రంలో సగం సున్నలైతే బండి కదలనే కదలదు. కనుక అసలు ప్రశ్న, మన ఎండలో ఏ కెమెరా తక్కువ సున్నలు పెడుతుందన్నది. కొనేటప్పుడు ఎవరూ ఈ ప్రశ్న అడగరు. పెట్టె మీద ఎన్ని మీటర్లని రాశారో చూస్తారు, అంతే.

2010లో వచ్చిన మొదటి కినెక్ట్‌నే తీసుకోండి. అది కంటికి కనబడని పరారుణ చుక్కలను ఎదుటి వస్తువుల మీద చల్లి, అవి పడిన తీరును బట్టి దూరం లెక్కకడుతుంది. గదిలో అద్భుతం. ఆరుబయట సూర్యుడు కూడా పరారుణ కాంతినే కుమ్మరిస్తాడు కదా! ఆ వెలుగులో చుక్కలు మునిగిపోతాయి. కాంతి వెళ్లి తిరిగి వచ్చే కాలాన్ని కొలిచే కెమెరాలలో చాలావాటికీ ఎండే శత్రువు. రెండు కళ్లతో చూసే స్టీరియో కెమెరాకు మాత్రం సొంత దీపం అక్కరలేదు. మట్టిగడ్డలు, గులకరాళ్లు, ఎండుటాకులు చాలు, రెండు చిత్రాలలోనూ వాటిని పోల్చుకొంటుంది. సున్నం కొట్టిన గోడ ముందు అది తెల్లబోయే మాట నిజమే. తోటలో సున్నపు గోడలెక్కడివి?

రియల్‌సెన్స్ డీ435, డీ455లు చుక్కలూ చల్లుతాయి, రెండు కళ్లతోనూ చూస్తాయి. చుక్కలు మునిగినా కళ్లుంటాయి కనుక వాటిని నేను కాదనను. కాని "చిన్నది చాలు" అనే సలహాతోనే నా పేచీ. మొదటిదానిలో కళ్ల మధ్య ఎడం 50 మిల్లీమీటర్లు, రెండవదానిలో 95. ఫోకల్ దూరం 640 పిక్సెళ్లు, పొరపాటు పావు పిక్సెల్ అనుకొని కాగితం మీద గుణించి చూశాను. 50 మి.మీ. ఎడంతో 4 మీటర్ల దగ్గర 12 సెంటీమీటర్ల పైచిలుకు తప్పు వస్తే, 8 మీటర్ల దగ్గర అది అరమీటరవుతుంది. దూరం రెట్టింపైతే తప్పు నాలుగింతలు! 95 మి.మీ. ఎడంతో ఇది దాదాపు సగానికి దిగుతుంది. ఎడం పెరిగితే మరీ దగ్గరి వస్తువులు తప్పిపోతాయి. అందుకు కెమెరాను కాస్త వెనక్కు జరిపి బిగించుకోవచ్చు. గతుకుల్లో ఊగే బండికి చిత్రమంతా ఒక్కసారే పట్టే గ్లోబల్ షటర్ కూడా తప్పనిసరి. వరసవరసగా పట్టేదైతే చిత్రం వంకరపోతుంది.

పిల్లలకు నేను చూపిన ఉదాహరణ మన శ్రీహరికోట నుంచి బయలుదేరినదే. 2023 జూలై 14న ఎగిరిన చంద్రయాన్-3లోని ప్రజ్ఞాన్ 26 కిలోల బండి. దారి చూడటానికి దానికున్నవి రెండు నావ్‌కామ్‌లు, అంటే రెండు కళ్లే. ఆగస్టు 27న తనకు 3 మీటర్ల ముందు 4 మీటర్ల వ్యాసమున్న గోయి ఎదురైంది. చిత్రాలు చూసి ఇస్రోవారు బండిని వెనక్కు మళ్లించారు. గాలి తెర కూడా లేని ఎండ అది. చంద్రుడి మీద గోతికి దక్కిన మర్యాద మా తోటలో గోతికి దక్కలేదు.

"లైడార్ పెడితే పోతుంది" అనే మహానుభావులూ ఉన్నారు. ఒకే వరసలో అడ్డంగా తిరిగే చౌక లైడార్ గోతి మీదుగా చూసి దాటిపోతుంది. అనేక వరసలున్నది కొనే స్తోమత విద్యార్థులకుందా? ముళ్లకంచె, ఒకేలా ఉన్న కొబ్బరి మొదళ్లు స్టీరియోను కూడా మోసగిస్తాయని ఒప్పుకొంటాను. అందుకే తక్కువ ఎత్తులో ఒక తాకుడు బంపరు కూడా ఉండాలంటాను.

మా తోటల్లో గట్టు కట్టని నేలబావులున్నాయి. చెట్ల కింద గింజలేరుకొనే ఆడవాళ్లు నడుములు వంచి ఉంటారు. ఈ బండి వారి మధ్య తిరగవలసింది. వచ్చే ఆదివారం పన్నెండు గంటలకు కెమెరాను మా పెరట్లోకి తెమ్మన్నాను. కొలత టేపు, నాలుగు ఇటుకలు, ఒక గొయ్యి నేను సిద్ధం చేస్తాను. ప్రతి మీటరుకూ ఎన్ని సున్నలొచ్చాయో వాళ్లే పలకమీద రాయాలి.