అట్టపెట్టె మీది బొమ్మ

మా అమ్మమ్మ బొమ్మలకొలువులో దశావతారాల పక్కనే ఒక విమానం ఉండేదంటే మీరు నమ్మరు. కొలువు చూడవచ్చిన బెజవాడ పేరంటాళ్ళే మొదట నమ్మలేదు. కొండపల్లి అంబారీ ఏనుగు, తాడిచెట్టు ఎక్కుతున్న మనిషి, తల ఊపే ముసలాయన, వీళ్ళందరి మధ్య రెక్కలు బారచాపుకుని ఒక బూడిదరంగు విమానం. "ఇదేమిటండీ పిన్నిగారూ?" అని ఎవరైనా అడిగితే అమ్మమ్మ తడుముకోకుండా, "పుష్పకం. మావాడు సీమనుంచి తెచ్చాడు" అనేది. ఆ మాటతో అందరూ కుంకుమ అందుకుని, శనగలు పుచ్చుకుని వెళ్ళిపోయేవారు.

మావయ్య ఇంగ్లండులో రెండేళ్ళు చదువుకుని 1973లో తిరిగివచ్చాడు. వస్తూ అమ్మమ్మకు ఉన్ని శాలువా (బెజవాడ ఎండలకు!), తాతయ్యకు ఒక కలం, తనకోసం రెండు అట్టపెట్టెలు తెచ్చుకున్నాడు. ఎయిర్‌ఫిక్స్ కంపెనీవారి విమానాలవి. విమానాలంటే విమానాలు కావు, వాటి ముక్కలు. ద్రాక్షగుత్తికి పళ్ళున్నట్టు ప్లాస్టిక్ కాడలకు రెక్కలూ, చక్రాలూ, తోకలూ అంటుకుని ఉంటాయి. వాటిని ఒక్కొక్కటే తుంచి, అరగదీసి, జిగురుతో అతికించి, రంగులు వెయ్యాలి. ఆ జిగురు మన మైదాపిండి జిగురులాంటిది కాదు. ప్లాస్టిక్కునే కాస్త కరిగించి రెండు ముక్కల్నీ ఏకం చేస్తుంది. వేలిమీద కొంచెం ఉండి ఆ వేలితో ముట్టుకున్నామా, వేలిముద్ర విమానం మీద శాశ్వతం. మా పుష్పకం ఎడమరెక్క మీద మావయ్య బొటనవేలు ఇప్పటికీ ఉంది.

అన్నీ కొలత ప్రకారమే. అసలు విమానంలో 72వ వంతు. అంటే ఆరడుగుల మనిషి అందులో సరిగా ఒక్క అంగుళం అవుతాడు. చిన్నప్పుడు ఈ లెక్క విని, స్కేలు పక్కన పెట్టుకుని ఆ అంగుళం కేసి చాలాసేపు చూశాను.

ఇదంతా ఇప్పుడెందుకు జ్ఞాపకం వచ్చిందంటే, 2024లో మా శిష్యుడొకడు సెల్‌ఫోనులో ఒక వార్త చూపించాడు. రాయ్ క్రాస్ అనే ఆంగ్లేయుడు ఏప్రిల్ 24న చనిపోయాడనీ, ఇలాంటి నమూనాలు కట్టేవాళ్ళు దేశదేశాల్లో ఇంటిమనిషి పోయినట్టు బాధపడుతున్నారనీ దాని సారాంశం. కింద ఆయన వేసిన బొమ్మలు వరుసగా ఉన్నాయి. నాలుగో అయిదో బొమ్మ దగ్గర నా వేలు ఆగిపోయింది. అది నా మూడోతరగతి సోషల్ నోటుబుక్కు అట్ట!

ఆ సంగతి చెప్పేముందు ఈ పెద్దమనిషి సంగతి చెప్పాలి. 1924 ఏప్రిల్ 23న లండన్‌లో పుట్టాడు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఫెయిరీ అనే విమానాల కంపెనీలో, శిక్షణ పుస్తకాలకు యంత్రాల బొమ్మలు గీసే పని. ఏ మర ఎక్కడుంటుందో, ఏ రేకు దేనిమీదకి వస్తుందో తెలిస్తే తప్ప గియ్యలేని బొమ్మలవి. తరువాత 'ఈగిల్' అనే పిల్లల పత్రికకూ, విమానాల పత్రికలకూ గీశాడు. 1964లో ఎయిర్‌ఫిక్స్‌వారి పెట్టెలమీద బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. వేసిన మొదటిది డోర్నియర్ 217 అనే జర్మను బాంబరు.

ఆ కంపెనీ 1952లో 'గోల్డెన్ హైండ్' ఓడను వూల్‌వర్త్ దుకాణాల్లో అమ్మకానికి పెట్టినప్పుడు అసలు పెట్టే లేదు. ప్లాస్టిక్ సంచీలో ముక్కలు పోసి, పైన ఒక కాగితం మడిచి కుట్టి, రెండు షిల్లింగులకు అమ్మేవారు. అలాంటి సరుకు మీదకి క్రాస్ బొమ్మ వచ్చేసరికి దాని దశ తిరిగింది. ఆయన విమానం ఊరికే ఆకాశంలో నిలబడి ఉండదు. ఎక్కడినుంచో వస్తూ ఉంటుంది, ఏదో జరిగి ఉంటుంది, ఇంకా ఏదో జరగబోతూ ఉంటుంది. పెట్టెలో ఉన్నది గుప్పెడు బూడిదరంగు ముక్కలు. పైన ఉన్నది మహాసంగ్రామం. పదిపన్నెండేళ్ళ కుర్రవాడు దేన్ని చూసి జేబులో చిల్లర తీస్తాడో వేరే చెప్పాలా?

ఇక్కడే ఒక తగవు వచ్చిపడింది. పెట్టెమీద బాంబులూ మంటలూ చూపించి, లోపల అవేమీ లేకుండా అమ్మడం పిల్లల్ని మోసపుచ్చడం కాదా అన్న ఆలోచన 1970లలో బయలుదేరింది. ప్రకటనల నిబంధనలు మారాయి. దాంతో ఆయన బొమ్మల్లో పేలుళ్ళనూ, బాంబులనూ రంగుతో కప్పేసి మళ్ళీ అచ్చువేశారు. యుద్ధవిమానం ప్రశాంతమైన ఆకాశంలో షికారుకు బయలుదేరినట్టు తయారైంది. పిల్లల చేతికి యుద్ధం బొమ్మ ఇవ్వకపోతే మంచిదనే వాళ్ళలో నేనూ ఒకణ్ణి. కాని పటం వేసినవాడి చేతిని అలా మధ్యలో తుడిచెయ్యడం మాత్రం నా మనసుకు ఎక్కలేదు.

1974లో ఆయన ఆ పని మానుకున్నాడు. ఆ తరువాత వేసినవన్నీ ఎక్కువగా సముద్రాలు, తెరచాప ఓడలు. పెద్ద చిత్రకారుడని పేరు తెచ్చుకున్నాడు. కాని జనం మాత్రం ఆ పెట్టెలు విడిచిపెట్టలేదు. 2009లో వాటిమీదే ఒక పుస్తకం వెలువరించాడు. నూరేళ్ళు బతకమని దీవిస్తాం గదా, ఆయనకా దీవెన అక్షరాలా ఫలించి, పైన ఒక్కరోజు కొసరు కూడా దొరికింది.

ఇక నా నోటుబుక్కు. మావయ్య తెచ్చిన రెండు పెట్టెల్లో ఒకటి కట్టేశాడు. రెండోది ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు అంటూ అలాగే బీరువామీద ఉండిపోయింది. 1988 జూన్‌లో బడి తెరిచే ముందు, పుస్తకానికి అట్ట వెయ్యడానికి నాకు ఆ మూతమీది బొమ్మ కనబడింది. అమ్మమ్మ కత్తెర కనబడింది. ఇంట్లో పెద్దవాళ్ళెవరూ కనబడలేదు.

సాయంత్రం మావయ్య వచ్చి, మూతలేని పెట్టె ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూచున్నాడు. కొట్టలేదు, తిట్టలేదు. భయంతో నేనే దగ్గరికి వెళ్ళి, "లోపల సామానంతా ఉంది మావయ్యా, ఒక్కటి కూడా పోలేదు" అన్నాను.

"సామాను ఉంటే ఏంరా? దేన్ని చూసి చెయ్యమంటావు?" అన్నాడు.

పదిహేను రోజులు నాతో మాట్లాడలేదు. పెట్టెను పాత పేపరులో చుట్టి, పురికొసతో కట్టి అటకమీద పడేశాడు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు.

వార్త చూసిన ఆదివారం మా అమ్మ ట్రంకుపెట్టె అంతా తిరగేశాను. నోటుబుక్కు దొరికింది. అట్ట ఒక మూల చెదలు తిన్నాయి. సరిగ్గా ఆకాశం మధ్యలో, నా పేరు, తరగతి, సెక్షను రాసిన చీటీ అతికించి ఉంది. అది పట్టుకుని బెజవాడ బస్సెక్కాను.

మావయ్యకిప్పుడు డెబ్భైఅయిదు దాటాయి. చేతులు వణుకుతాయి, కాఫీగ్లాసు రెండు చేతులతో పట్టుకుంటాడు. అట్ట చూపించాను. కళ్ళజోడు తుడుచుకుని చూశాడు.

"ఈ బొమ్మ వేసినాయన పోయాడు మావయ్యా. రాయ్ క్రాస్ అని."

"ఏమిటీ, ఇంకోసారి చెప్పు?"

చెప్పాను. ఆయన ఆ పేరు రెండుసార్లు తనలో తనే అనుకున్నాడు. యాభైఏళ్ళు ఆ బొమ్మను మనసులో పెట్టుకున్న మనిషి, వేసినవాడెవరో అంతవరకూ ఎరగడు.

నేను సిగ్గుపడి చీటీ ఊడదియ్యబోతే, "ఉండనీరా, చిరుగుతుంది" అన్నాడు. తరువాత నన్నే అటక ఎక్కించాడు. పురికొస ముట్టుకుంటే పొడయింది గాని, ముక్కలన్నీ భద్రంగా ఉన్నాయి. మావయ్య అప్పట్లో కొన్న జిగురు మాత్రం గొట్టంలోనే రాయైపోయింది. కొత్తది హైదరాబాదునుంచి తెప్పించడానికి వారం పట్టింది. మళ్ళీ ఆదివారం అట్టను గోడకు ఆనించి, ఇద్దరం బల్లముందు కూచున్నాం.

"నా చేతులు కుదరవు. నువ్వు అతికించు, నేను చెబుతాను" అన్నాడు మావయ్య. గోడకు మేకు కొట్టడం కూడా చేతకాని తెలుగు లెక్చరర్ని నేను. చెమటలు పట్టాయి.

"మొదట ఏం చెయ్యమంటావు మావయ్యా?"

"మొదట పైలట్‌ను కూచోబెట్టు. మెల్లిగా. మనిషి ఒక్క అంగుళమే."