ప్రేమ గదిలోనే ఆగితే ఎట్లా?

ఉస్మానియా హాస్టళ్లలో జరమొచ్చిన రూమ్మేటుకు జావ కాచిపోసే క్రైస్తవ తమ్ముళ్లున్నారు. అది ప్రేమే, కాదనం. కానీ తార్నాకలో అద్దెకు పోతే కులం అడిగే ఇంటి ఓనరును ఏం చేయాలె? 'క్షమించు, ప్రార్థన చేయి' అంటే సరిపోతదా? 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినంక, చీరాల శిబిరం చేరిన బాధితులకు అన్నమూ కావాలె, కోర్టులో న్యాయమూ కావాలె. అన్నం ఒక్కరైనా పెట్టొచ్చు. న్యాయం పదిమంది కొట్లాడితేనే వస్తది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు దళిత క్రైస్తవునికి ఎస్సీ హోదా ఇవ్వనంటది. ఊరేమో ఆయన్ని వాడలోనే ఉంచుతది. దీన్ని ఏ ఒక్కరి త్యాగం మారుస్తది?

ఉద్యమ మిత్రులారా, మీకూ ఒక మాట. పీడితుల్ని ప్రేమిస్తమంటూ పక్క మంచం మీది రోగిని మరిస్తే మనది ఉత్త ఉపన్యాసమే. పొరుగువాని గాయానికి కట్టు కడదాం. గాయం చేసే చెయ్యినీ ఆపుదాం.