కుట్లు విప్పాక మొదలయ్యే కథ

"నీ పసుపు కుంకుమలు గట్టివమ్మా, మనిషి దక్కాడు. అదే పదివేలు!" బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలిన భర్తను ఆస్పత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న ఇల్లాలితో ఇరుగుపొరుగు అనే మాట ఇది. నిజమే. ఐసీయూ బయట రాత్రింబవళ్లు కూచున్న ఆమెకు అంతకంటే ఏం కావాలి?

ఆర్నెల్లు తిరిగేసరికి ఆ ఇల్లాలే గొంతు తగ్గించి, "ఈయన మా ఆయన కాదండీ" అంటుంది. చీటికీ మాటికీ కోపం. కూరలో ఉప్పు తగ్గితే కంచం విసిరికొట్టడం. పిల్లలు టీవీ పెడితే చెవులు మూసుకుని అరవడం. లేదంటే పొద్దస్తమానం గోడకేసి చూస్తూ కూచోవడం, ఎవరైనా చెబితే తప్ప స్నానానికి లేవకపోవడం. మరపు, అనుమానం, నిద్ర పట్టకపోవడం. కుట్లు మానాయి, జుట్టు మొలిచింది. చూసేవాళ్లకు మనిషి నిక్షేపంలా ఉన్నాడు. తనలో మార్పు వచ్చిందని అతనికీ తెలియదు. అందుకే తప్పంతా ఆమెదవుతుంది. "నువ్వే సర్దుకుపోవాలమ్మా" అని సలహాలిచ్చేవాళ్లు కొందరు, గాలి సోకిందని తాయెత్తు కట్టించేవాళ్లు మరికొందరు.

ఇది గాలీ కాదు, గ్రహచారమూ కాదు. తలకు గట్టి దెబ్బ తగిలినప్పుడు పుర్రె లోపల మెదడు కదిలి, ముందు భాగమూ పక్క భాగాలూ ఎముకకు రాసుకుని నలుగుతాయి. కోపాన్ని ఆపుకోవడం, ముందూ వెనకా ఆలోచించడం, తనంత తాను ఒక పనికి పూనుకోవడం, ఎదుటివారి మనసు గ్రహించడం... ఇవన్నీ నుదుటి వెనక ఉన్న ఆ ముందు భాగం చూసుకునే పనులు. బ్రేకు చెడిన బండిని ఆగమంటే ఆగుతుందా?

1848లో అమెరికాలో రైలు మార్గం పనుల్లో పేలుడు జరిగి, ఫినియాస్ గేజ్ అనే ఫోర్‌మన్ తలలోంచి ఇనుప కడ్డీ దూసుకుపోయింది. అతను బతికాడు, నడిచాడు, మాట్లాడాడు. కానీ ఇతను మునుపటి గేజ్ కాదని స్నేహితులే అన్నారు. అంత పాత సంగతి ఇది. అయినా మన దగ్గర చాలామంది ఇల్లాళ్లకు ఈ మాట చెప్పేవాళ్లు లేరు. డిశ్చార్జి కాగితంలో మాత్రల పేర్లుంటాయి, మళ్లీ రావలసిన తేదీ ఉంటుంది. "స్వభావం మారవచ్చు, దిగులుతో కుంగిపోవచ్చు, అప్పుడు ఆలస్యం చేయక తీసుకురండి" అన్న ఒక్క వాక్యం ఉండదు. 2022 ఒక్క ఏడాదిలోనే దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 4,43,366 మంది గాయపడ్డారని కేంద్ర రవాణా శాఖ లెక్క. తలకు దెబ్బ తగిలిన ప్రతివారి ఇంటికీ ఆ ఒక్క వాక్యం చేరవేయడం ఆస్పత్రుల బాధ్యత.

దెబ్బ ఆడవాళ్లకే తగిలితే? బండి వెనక సీటు మీంచి పడ్డా, మొగుడు గోడకేసి కొడితే "మెట్ల మీద జారిపడ్డాను" అని చెప్పుకున్నా, లోపలి గాయం ఒకటే. ఆ తర్వాత పాలు పొంగిపోతే మతిమరుపు కాదు, బద్ధకం అంటారు. కొన్నాళ్లు చూసి పుట్టింటికి పంపేస్తారు. భర్తకు సేవ చెయ్యడానికి భార్య ఉంది. భార్యకు ఎవరున్నారు?

చికిత్స ఉంది. న్యూరో డాక్టరుతో పాటు మానసిక వైద్యులకూ చూపించాలి. అందరూ మునుపటిలా కాకపోవచ్చు గానీ చాలామంది మెరుగుపడతారు. ఫిట్స్ మాత్రలు సొంతంగా ఆపకూడదు, మద్యం ముట్టనివ్వకూడదు. ఇంట్లో గోల తగ్గించి, ఒకసారికి ఒకే పని చెప్పి, రోజు పనులు గోడ మీద రాసిపెడితే కోపం కొంత అదుపులో ఉంటుంది. చచ్చిపోతానంటే బెదిరింపని కొట్టిపారేయొద్దు. ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. జబ్బు కనుక ఓర్చుకోవాలి, నిజమే. జబ్బు కనుక దెబ్బలు తినాలని ఎక్కడా లేదు. చెయ్యెత్తితే పిల్లల్ని తీసుకుని పక్కింటికి వెళ్లండి. పరువు పోతుందని దాచకుండా డాక్టరుకు చెప్పండి. వైద్యానికి కూడా అది అవసరమైన సమాచారమే.

ప్రమాదంలో మెదడు దెబ్బతిన్న ఒక అమ్మాయి కేసులో 2020లో సుప్రీంకోర్టు, కనిపెట్టుకుని ఉండే మనుషుల ఖర్చును కూడా ఏళ్ల లెక్కన కట్టి పరిహారంలో కలిపింది. సేవకు ఖరీదుందని కోర్టు ఒప్పుకుంది. మన ఇళ్లలో ఎప్పుడు ఒప్పుకుంటాం? ఈసారి అలాంటి ఇంటికి పరామర్శకు వెళ్తే పళ్లతో పాటు ఓ రెండు గంటలు కూడా పట్టుకెళ్లండి. "నేను చూసుకుంటాలే, నువ్వు కాసేపు నడుం వాల్చు" అనండి. ఆమెకు అదే పదివేలు.